అపార్ట్‌మెంటు సంఘం, ఇంటర్నెట్ తీగ, మన మాట

ఫ్లాటు కొనేటప్పుడు గాని, అద్దెకు తీసుకునేటప్పుడు గాని మనవారు విచారించే విషయాలు చాలా ఉన్నాయి. మంచినీరు ఎన్ని రోజులకొకసారి వస్తుంది, లిఫ్టుకు జనరేటరు ఉందా, మసీదు నడిచి వెళ్ళేంత దూరంలో ఉందా, ఆడపిల్లల కళాశాలకు బస్సు దొరుకుతుందా అని అడుగుతారు. అసలు ముస్లిం కుటుంబానికి ఇల్లు ఇస్తారా అన్నది వీటన్నిటికన్నా ముందు వచ్చే ప్రశ్న; ఆ చర్చ వేరు, దానిలోకి ఇప్పుడు పోవడం లేదు. ఇల్లు దొరికిన తరువాతి సంగతి ఒకటి ఉంది. ఈ భవనంలోకి ఇంటర్నెట్ ఎవరిది వస్తుంది, టీవీ కేబుల్ ఎవరిది అని ముందుగా అడిగేవారు అరుదు. సామాను దించి, చాయ్ తాగి, పిల్లవాడి ఆన్‌లైన్ తరగతి గుర్తుకు వచ్చినప్పుడు వాచ్‌మన్ చెబుతాడు: "సార్, మన దగ్గర ఒక్క కంపెనీదే నడుస్తది. వేరేటోళ్ళను లోపలికి రానియ్యరు."

ఎవరు రానివ్వరు? బిల్డరా, సంఘం అధ్యక్షుడా, ఆ కంపెనీయా? ఏ కాగితం ప్రకారం రానివ్వరు? ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉంది, ఎన్నేళ్ళకు ఉంది? ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితకాలం గడిపిన మాకు ఇటువంటి ప్రశ్నలు అడగడం అలవాటుగా మారింది. పదవీ విరమణ తరువాత బస్తీలో దరఖాస్తులు నింపిపెట్టే పని పెట్టుకున్నాము. స్కాలర్‌షిప్పు, పింఛను, రేషన్ కార్డు కాగితాలతో వచ్చేవారే ఎక్కువ. అయితే ఈ మధ్య కొన్నేళ్ళుగా అపార్ట్‌మెంట్లలో ఉండే కుటుంబాలు ఈ తీగల గొడవ తెచ్చి మా ముందు పెడుతున్నాయి. మొదట ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. కాగితాలు విప్పి చూస్తే అంత చిన్నదిగా కనబడదు.

ఇంటర్నెట్ లేని ఇంటికి నేడు ఏమేమి మూసుకుపోతాయో లెక్క వేయండి. ఈఏపీసెట్ కౌన్సెలింగులో కళాశాలల ఎంపిక ఆన్‌లైన్‌లోనే. మైనారిటీ స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే అవకాశం రావడంతో డిగ్రీలు చదివిన మన ఆడపిల్లలు ఎందరో జీతం కళ్ళజూశారు. నగరం అవతలి చివరకు రాత్రివేళ క్యాబులో పంపడానికి ఇష్టపడని తల్లిదండ్రులు సైతం ఈ పద్ధతికి ఒప్పుకున్నారు. తజ్వీద్ నేర్పే ఉస్తాద్ ఎక్కడో ఉంటాడు, పిల్లలు ఇక్కడ పాఠం అప్పజెబుతారు. తీగ తెగితే ఇవన్నీ ఆగుతాయి. 2020లో బడులు మూతపడినప్పుడు ఒక్క ఫోను మీద ముగ్గురు పిల్లలు వంతులవారీగా పాఠాలు విన్న ఇళ్ళు మనకు తెలియనివి కావు.

న్యాయస్థానాలు సైతం ఈ మాటను గుర్తించాయి. కేరళలోని కోజికోడ్ జిల్లాలో ఒక కళాశాల విద్యార్థిని ఫహీమా షిరీన్, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు హాస్టలులో మొబైల్ ఫోను వాడరాదన్న నిబంధనకు ఒప్పుకోలేదు. హాస్టలు నుంచి వెళ్ళగొట్టారు. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెబుతూ, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోను, రాజ్యాంగం 21వ అధికరణం కింద ఉన్న గోప్యతా హక్కులోను భాగమని పేర్కొని, ఆమెను తిరిగి చేర్చుకోవలసిందిగా ఆదేశించింది. ఒక సాధారణ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి సాధించిన తీర్పు ఇది. మన ఇళ్ళలో దీనిని గురించి మాట్లాడుకోవలసినంతగా మాట్లాడుకోలేదని మా అభిప్రాయం. ఆ తరువాత 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో, ఇంటర్నెట్ ద్వారా జరిగే భావప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉన్నదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ తీర్పులు చేతబట్టుకుని సంఘం కార్యవర్గం ముందు నిలబడి "మీరు రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తున్నారు" అంటే పని జరగదు. ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి ఉద్దేశించినవి. అపార్ట్‌మెంటు సంఘం ప్రభుత్వం కాదు. సంఘంతో వ్యవహారం సంఘం నియమావళి ప్రకారం, సర్వసభ్య సమావేశంలో, తీర్మానాల పుస్తకం సాక్షిగా నడవాలి.

ఒక్క కంపెనీయే అన్న ఏర్పాటు ఎలా పుడుతుందో చూద్దాం. భవనం కడుతున్నప్పుడే కంపెనీ ప్రతినిధి బిల్డరు దగ్గరకు వస్తాడు. తీగలు పోవడానికి నిలువుగా ఉండే గొట్టపు మార్గాన్ని, కింద విద్యుత్ గదిలో పెట్టెలు బిగించుకునే గోడను తమకే కేటాయించమని అడుగుతాడు. బదులుగా కొంత సొమ్మో, లాబీలో ఉచిత వైఫైయో, సీసీ కెమెరాలకు ఉచిత కనెక్షనో ఇస్తానంటాడు. సంఘం ఏర్పడిన తరువాత అదే ఒప్పందం సంఘం పేరుకు మారుతుంది. కొన్ని చోట్ల ఏటేటా సంఘం ఖాతాకు కొంత మొత్తం జమ అవుతుంది. కొన్ని చోట్ల ఖాతాకు కాక మరెక్కడికో పోతుంది. కొన్ని చోట్ల ప్రతి ఫ్లాటు నెలసరి మెయింటెనెన్సులోనే ఇంటర్నెట్ రుసుము కలిపి వసూలు చేస్తారు. వాడినా వాడకపోయినా కట్టవలసిందే.

ఇదంతా దురుద్దేశమే అనడం న్యాయం కాదు. వంద ఫ్లాట్ల భవనంలో పది మంది కేబులువాళ్ళు తలా ఒక రంధ్రం చేసి, మెట్ల పొడవునా తీగలు వేలాడదీసి, తెగిన తీగను అలాగే వదిలి పోవడం మేమూ చూశాము. అగ్నిప్రమాదం జరిగితే ఆ తీగల కట్టలు మంటకు దారి చూపుతాయి. ఎవరో తెలియని మనిషి "నెట్ రిపేరు" అంటూ మధ్యాహ్నం వేళ, ఇంట్లో ఆడవారు మాత్రమే ఉన్నప్పుడు తలుపు తట్టడం ఏ కుటుంబానికీ ఇష్టం ఉండదు. ఒకే కంపెనీ అయితే వచ్చే మనిషి వాచ్‌మన్‌కు తెలిసినవాడై ఉంటాడు. అందరూ కలిసి తీసుకుంటే ధర తగ్గుతుంది. కార్యవర్గం చెప్పే ఈ కారణాలలో నిజం ఉంది. కాని క్రమశిక్షణ కావాలంటే ఇద్దరు ముగ్గురు కంపెనీలకు ఒకే గొట్టంలో వరుసగా తీగలు వేసుకోమని షరతు పెట్టవచ్చు. వచ్చే పనివాడికి గుర్తింపు కార్డు, రిజిస్టరులో సంతకం తప్పనిసరి చేయవచ్చు. అందుకోసం మిగతావారందరికీ గేటు మూయవలసిన అవసరం లేదు.

చట్టం ఏమంటుంది? ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, టెర్రసు, లిఫ్టు, ఉమ్మడి స్థలాలు వంటి వాటిలో ప్రతి ఫ్లాటు యజమానికీ విడదీయరాని వాటా ఉంది. 2016 నాటి రెరా చట్టం బిల్డరు కొనుగోలుదారుల సంఘం ఏర్పాటుకు దారి కల్పించాలని నిర్దేశించింది. అంటే ఆ గొట్టపు మార్గం అధ్యక్షుడి సొత్తు కాదు, బిల్డరు సొత్తు కాదు. సంఘానిది కాపలాదారు పాత్ర. మన భాషలో చెప్పాలంటే అది అమానత్. అమానత్‌ను అద్దెకిచ్చి వచ్చిన సొమ్ముకు లెక్క చెప్పవలసిందే.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలోనే భవనాల లోపల టెలికాం కంపెనీల ప్రవేశం గురించి సిఫార్సులు చేసింది. ఒకే కంపెనీకి గుత్తహక్కు ఇచ్చే ఒప్పందాలు ఉండరాదని, లోపలి సదుపాయాలను కంపెనీలు పంచుకోవాలని అందులోని సారాంశం. సిఫార్సు చట్టం కాదు, నిజమే. కాని 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలో తీగలు, పరికరాలు వేసుకునే మార్గహక్కు వివక్ష లేకుండా, వీలైనంతవరకు గుత్తకు ఇవ్వకుండా ఉండాలన్న సూత్రానికి చోటు దక్కింది. మార్గహక్కు నియమాలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2024 అక్టోబరులో ట్రాయ్ మరొక అడుగు వేసి, భవనాలకు డిజిటల్ అనుసంధానం ఎంత బాగుందో చూసి నక్షత్రాల రేటింగు ఇచ్చే నిబంధనలను ప్రకటించింది. ఆ రేటింగుకు దరఖాస్తు చేయడం బిల్డరు ఇష్టం. అయినా ఫ్లాటు మళ్ళీ అమ్ముకునేటప్పుడు ధర నిలవాలని కోరుకునే యజమానులకు ఈ మాట చెవికెక్కుతుంది. హక్కు అంటే వినని మనిషి ధర అంటే వింటాడు. సర్వసభ్య సమావేశాలలో మేము గమనించిన సంగతి ఇది.

మన పిల్లలు చాలామంది అమెరికాలో డల్లాస్, చికాగో పరిసరాలలో ఇళ్ళు కొనుక్కున్నారు. అక్కడ హోమ్ ఓనర్స్ అసోసియేషన్ అంటే మన సంఘాలకన్నా గట్టి పిండం. గడ్డి ఎంత ఎత్తు పెరగాలో, తలుపుకు ఏ రంగు వేయాలో కూడా అదే చెబుతుంది. అటువంటి చోట సైతం అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కొన్ని హద్దులు గీసింది. 1996లో వచ్చిన నిబంధన ప్రకారం, ఒక మీటరు లేక అంతకన్నా చిన్న డిష్ యాంటెన్నాను తన సొంత వినియోగంలో ఉన్న బాల్కనీలోనో పెరట్లోనో పెట్టుకోకుండా ఏ సంఘమూ అడ్డుకోరాదు. 1999లో ఆ రక్షణ అద్దెదారులకు కూడా విస్తరించింది. 2007లో అపార్ట్‌మెంటు భవనాలలో కేబుల్ కంపెనీల గుత్త ఒప్పందాలను నిషేధించారు. 2022లో భవన యజమానికి, కంపెనీకి మధ్య కొన్ని రకాల ఆదాయ పంపకాలను కూడా నిషేధించారు. ఆ పంపకాల వలన పోటీ కంపెనీ గడప తొక్కలేకపోతున్నదని గ్రహించారు. మూకుమ్మడిగా అందరికీ ఒకే బిల్లు వేసే పద్ధతి మాత్రం అక్కడ ఇంకా సాగుతూనే ఉంది. చూడని టీవీకి నెలనెలా డాలర్లు కడుతున్నామని అక్కడివారు వాపోవడం ఫోనులో వింటూ ఉంటాము. అంటే ఈ గొడవ మన దేశానికే పరిమితం కాదు. అయితే అక్కడ ఒక మీటరు డిష్‌కు ఉన్నంత స్పష్టమైన రక్షణ ఇక్కడ మనకు లేదు.

డిష్ మాట వచ్చింది గనుక టీవీ సంగతి వివరంగా చెప్పాలి. ఇక్కడే మన సమస్య తక్కిన వారి సమస్య నుంచి కొంత వేరుపడుతుంది.

మన ఇళ్ళలో పెద్దవారికి, ముఖ్యంగా నానీలకు, దాదీలకు ఉర్దూ వార్తలు, ముషాయిరాలు, రంజాన్ మాసపు కార్యక్రమాలు కావాలి. పిల్లలకు అక్కరలేకపోవచ్చు, వారు ఫోనులో చూసుకుంటారు. డెబ్బై ఏళ్ళ మనిషికి రిమోట్‌లో ఒక నంబరు నొక్కితే వచ్చే ఛానలే టీవీ. దూరదర్శన్ వారి డీడీ ఉర్దూ 2006 ఆగస్టు 15న మొదలయింది. అది ఉచిత ఛానల్. దూరదర్శన్ ఛానళ్ళలో ప్రభుత్వం నోటిఫై చేసినవాటిని కేబుల్ ఆపరేటరు తప్పనిసరిగా ప్రసారం చేయాలని 1995 నాటి కేబుల్ టీవీ చట్టం చెబుతుంది. అయినా "మా ప్యాకులో ఉర్దూ లేదు సార్" అనే సమాధానం ఎన్నో ఇళ్ళకు ఎదురవుతుంది. తెలంగాణలో 2017లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అయింది. ఆ చట్టాలు ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించేవి గాని కేబుల్ ఆపరేటరుకు కాదు. కాని లక్షలాది మంది మాట్లాడే భాషకు ప్యాకులో చోటు అడగడం దయాభిక్ష కాదని గుర్తు చేయడానికి పనికివస్తాయి.

2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడు తనకు కావలసిన ఛానళ్ళను విడివిడిగా ఎంచుకోవచ్చు. ప్రతి పే ఛానలుకూ గరిష్ఠ ధర ప్రకటించవలసిందే. దీనికి తోడు నెట్‌వర్క్ రుసుము ఉంటుంది. మొదట అది వంద ఛానళ్ళకు రూ.130 మించరాదన్నారు, 18 శాతం జీఎస్టీతో రూ.153 దాటింది. 2020లో ఆ రూ.130కే 200 ఛానళ్ళు ఇవ్వాలన్నారు, దూరదర్శన్ తప్పనిసరి ఛానళ్ళను ఆ లెక్కలో కలపరాదన్నారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితిని ఎత్తివేసి, రుసుము నిర్ణయాన్ని ఆపరేటర్లకే వదిలేశారు. ఇప్పుడు పోటీ ఒక్కటే ధరను అదుపులో ఉంచాలి. పోటీయే లేని భవనంలో ఆ అదుపు ఎక్కడిది? ఛానళ్ళను విడివిడిగా ఎంచుకునే హక్కు మాత్రం నేటికీ ఉంది. బొకే పేరుతో చుట్టి ఇచ్చే కట్టను తీసుకోవలసిన నిర్బంధం లేదు. కేబుల్ ఆయన కాగితం చూపకుండా "ఇది బేసిక్ ప్యాక్, ఇదే వస్తుంది" అంటే ఒప్పుకోరాదు.

కేబుల్ నచ్చకపోతే డిష్ పెట్టుకోవాలి. నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ అందుబాటులో ఉంది. పేద కుటుంబానికి అంతకన్నా చవకైన మార్గం లేదు. అక్కడ టెర్రసు గొడవ మొదలవుతుంది. మన రాష్ట్రాల నుంచి చూస్తే ఈ ఉపగ్రహాలు దక్షిణ, ఆగ్నేయ దిశలలో ఉంటాయి. ఫ్రీ డిష్ ప్రసారమయ్యే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్ద ఉంది. హైదరాబాదు నుంచి డిష్ ఆగ్నేయం వైపు తిప్పాలి. ఉత్తరం వైపో పడమటి వైపో బాల్కనీ ఉన్న ఫ్లాటుకు సొంత బాల్కనీలో సిగ్నలు దొరకదు. వారికి టెర్రసు తప్ప మార్గం లేదు. "టెర్రసు మీద డిష్‌లు నిషేధం, భవనం అందం చెడుతుంది" అని సంఘం తీర్మానిస్తే నష్టపోయేది సగం భవనమే. టెర్రసులో వారికి కూడా వాటా ఉన్నదని ముందే చెప్పుకున్నాము. ఒక మూల ఇనుప స్టాండు కట్టి, డిష్‌లన్నీ అక్కడే పెట్టుకోమని సంఘం చెబితే అందమూ చెడదు, వాటర్‌ప్రూఫింగూ చెడదు. ఒకే పెద్ద డిష్ నుంచి అన్ని ఫ్లాట్లకు తీగ ఇచ్చే ఏర్పాటు కూడా సాధ్యమే. ఇది బతిమాలుకునే విషయం కాదు, లెక్క వేసి చూపే విషయం.

సంఘంలో మాట్లాడే తీరు గురించి మా సలహా ఒకటి ఉంది. అరవై ఫ్లాట్లలో ఆరు మనవి అనుకుందాం. "మాకు ఉర్దూ ఛానళ్ళు కావాలి" అని ఆ ఆరుగురు లేచి నిలబడితే, అది సేవల విషయంగా కాక మతం విషయంగా మారిపోవడానికి నేటి వాతావరణంలో ఎంతో సేపు పట్టదు. అదే భవనంలో ఒడియా కుటుంబం ఉంటుంది, తమిళ కుటుంబం ఉంటుంది, మార్వాడీ దుకాణదారు ఉంటాడు, మలయాళీ నర్సు ఉంటుంది. వారి పెద్దలకూ వారి భాష కావాలి. "ప్రతి ఇంటికీ తనకు నచ్చిన ఛానలు, తనకు నచ్చిన కంపెనీ" అన్నది వారందరి కోరిక. ఆ కోరికతో కలిసి వెళితే ఆరు ఓట్లు ఇరవై అవుతాయి. కొందరు యువకులు దీనిని మెతకతనం అంటారు. మేము అలా అనుకోము. హక్కు మనదే అయినా గెలవడానికి సంతకాలు కావాలి గదా!

దీనికి మరొక వైపు ఉంది. అది మనవారికి అంత రుచించదు. టోలిచౌకి, మెహిదీపట్నం వంటి చోట్ల, గుంటూరు, కర్నూలు పాతబస్తీలలో అపార్ట్‌మెంటు సంఘం పూర్తిగా మనవారి చేతిలో ఉన్న భవనాలు ఉన్నాయి. అక్కడ అధ్యక్షుడు మనవాడు, కోశాధికారి మనవాడు. అక్కడ కూడా ఒక్క కంపెనీయే, అక్కడ కూడా ఒప్పందం ఎవరికీ చూపరు. అద్దెకు ఉండే హిందూ కుటుంబం భక్తి ఛానల్ కావాలని అడిగితే "ఈ ప్యాకులో రాదు" అంటారు. ఆ భవనంలో అల్పసంఖ్యాకులు వారు. వేరే చోట మనం అడిగే ప్రశ్న వారికి ఇక్కడ అడిగే హక్కు ఉంది. మష్వరా లేకుండా ఏ పనీ చేయరాదని ఉపన్యాసాలు వినే మన పెద్దలు, సంఘం ఒప్పందాన్ని మాత్రం ముగ్గురు కూర్చుని తేల్చుకోవడం ఏ విధంగా సమర్థనీయమో వారే చెప్పాలి.

అద్దెదారుల సంగతి అంతకన్నా జటిలమైనది. సంఘంలో సభ్యత్వం యజమానులకే. ఓటు యజమానులకే. కాని అపార్ట్‌మెంట్లలో ఉండే మన కుటుంబాలలో అనేకం అద్దెకు ఉండేవే. మెయింటెనెన్సు వారే కడతారు, నెట్ వారే వాడతారు, నిర్ణయంలో మాత్రం వారికి చోటు లేదు. యజమాని గల్ఫులోనో అమెరికాలోనో ఉంటాడు. సమావేశం నోటీసు అతని ఫోనుకు వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. దీనికి చట్టంలో సులువైన మందు లేదు గాని, ఉన్నంతలో చేయదగినది ఉంది. అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే "అద్దెదారు తన పేరు మీద తనకు నచ్చిన ఇంటర్నెట్, టీవీ కనెక్షను తీసుకోవడానికి యజమానికి అభ్యంతరం లేదు" అని ఒక వాక్యం చేర్పించుకోవాలి. నియమావళి ఒప్పుకుంటే సమావేశానికి యజమాని నుంచి అధికార పత్రం తెప్పించుకోవచ్చు. ముస్లిం కుటుంబానికి ఇల్లు దొరకడమే కష్టమైన చోట ఇన్ని షరతులు పెడితే ఇల్లే పోతుందని కొందరు మాతో అన్నారు. ఆ భయం నిరాధారం కాదు. అందుకే ఆ వాక్యం యజమానికి ఒక్క రూపాయి ఖర్చు లేనిదని మెల్లగా వివరించి చెప్పాలి.

ఇక ఎంపిక చేతికి వచ్చిన తరువాత ఏది తీసుకోవాలి? ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాసిన వేగాన్ని బట్టి నిర్ణయించుకోవద్దు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2023 నుంచి 2 ఎంబీపీఎస్ మాత్రమే. వీడియో తరగతికి 3, 4 ఎంబీపీఎస్ చాలు. ఒకే సమయంలో ఇద్దరు పిల్లల తరగతులు, ఒక ఉద్యోగం, ఒక టీవీ నడిచే ఐదుగురి ఇంటికి స్థిరంగా వచ్చే 40, 50 ఎంబీపీఎస్ సరిపోతుంది. 200, 300 అని చెప్పి ఎక్కువ డబ్బు గుంజే మాటలకు లొంగవలసిన పని లేదు. ఎగువకు పంపే వేగం ఎంత అని తప్పక అడగాలి; ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి, పాఠం అప్పజెప్పే పిల్లలకు అదే ముఖ్యం. అదే అంతస్తులో ఉండే పొరుగువారిని రాత్రి 9 గంటలకు ఎలా వస్తుందో అడిగితే కంపెనీ ప్రతినిధి గంటసేపు చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. కరెంటు పోతే విద్యుత్ గదిలోని కంపెనీ పెట్టెకు జనరేటరు లైను ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే మీ ఇంట్లో ఇన్వర్టరు ఉండి ప్రయోజనం లేదు.

ఏడాది సొమ్ము ఒకేసారి ముందుగా కట్టించుకునే ఎర చాలా కంపెనీలు వేస్తాయి. రెండు నెలలు ఉచితమని ఆశపడి కట్టిన తరువాత సేవ బాగాలేకపోయినా, ఇల్లు మారవలసి వచ్చినా ఆ సొమ్ము తిరిగి రాబట్టడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుస్తుంది. మొదట నెలకో, మూడు నెలలకో కట్టి చూడాలి. రూటరు డిపాజిట్టుకు, బిగింపు ఖర్చుకు విడివిడిగా రసీదు తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కనెక్షను మీ పేరు మీద ఉండాలి. సంఘం పేరు మీద ఉంటే రేపు ఫిర్యాదు చేయడానికి మీరు వినియోగదారులే కాదంటారు.

పిల్లల చేతిలో ఇంటర్నెట్ పెట్టడం మంచిదా అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. ఏ వేళ ఉండాలి, ఏ సైటు రాకూడదు అన్నది రూటరులోనే అమర్చుకోవచ్చు. ఆ నిర్ణయం తల్లిదండ్రులది. సంఘానికి అప్పగించవలసినది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ ఉంది. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామన్నారు. ఆ ధరలు తరువాత మారాయి. అది కూడా స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇంటికి చేరుతుంది. ఆ ఆపరేటరును మీ సంఘం గేటు దగ్గర ఆపితే ప్రభుత్వ పథకం కూడా గేటు బయటే ఆగిపోతుంది.

సేవ చెడినప్పుడు ఏమి చేయాలో చాలామందికి తెలియదు. మా సొంత కనెక్షను ఒకసారి తొమ్మిది రోజులు పనిచేయలేదు. రోజూ ఫోను చేస్తే రోజూ "రేపు వస్తారు" అన్నారు. పదవ రోజు ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకుని, కంపెనీ అప్పిలేట్ అధికారికి ఈమెయిలు పంపాము. మర్నాడు మనిషి వచ్చాడు, ఆ తొమ్మిది రోజుల సొమ్ము కూడా తరువాతి బిల్లులో తగ్గింది. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఒక సంఖ్య ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్ళవచ్చు. ఆ అప్పీలును 39 రోజులలోగా తేల్చాలి. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చిచెప్పింది. ఫోనులో ఎంత గట్టిగా అరిచినా ఫిర్యాదు సంఖ్య లేకుంటే అది ఫిర్యాదు కాదు.

సంఘాన్ని అడగవలసినవి ఎక్కువ లేవు. ప్రస్తుత ఒప్పందం ప్రతిని నోటీసు బోర్డులో పెట్టాలి. కంపెనీ నుంచి వచ్చే ప్రతి రూపాయీ సంఘం బ్యాంకు ఖాతాలో పడి, వార్షిక లెక్కలలో కనబడాలి. కొత్త ఒప్పందం ఏ కంపెనీకైనా ఒక ఏడాదికి మించరాదు, గుత్తహక్కు మాట అందులో ఉండరాదు. కనీసం మరొక కంపెనీకి గొట్టపు మార్గంలో చోటు ఉంచాలి. వాడనివారి నుంచి మెయింటెనెన్సులో కలిపి ఇంటర్నెట్ రుసుము వసూలు చేయరాదు. టెర్రసు మీద డిష్‌లకు ఒక స్థలం నిర్ణయించాలి. అద్దెదారులు ఓటు వేయలేకపోయినా ఈ అంశం మీద మాట్లాడే అవకాశం ఇవ్వాలి.

చాలా సంఘాలలో సర్వసభ్య సమావేశం మార్చి లెక్కలు ముగిసిన తరువాతే జరుగుతుంది. అప్పటికప్పుడు లేచి అడిగితే "ఎజెండాలో లేదు" అని కూర్చోబెడతారు. అందువలన నోటీసు వెలువడక ముందే, వీలైనన్ని ఫ్లాట్ల సంతకాలతో, ఏ తీర్మానం కోరుతున్నారో స్పష్టంగా రాసి కార్యదర్శికి లేఖ ఇవ్వాలి. ఇప్పటి ఒప్పందం ఏ తేదీకి ముగుస్తుందో అదే లేఖలో అడగాలి. గడువు ముగిసిన మర్నాడే అది తనంతట తాను మళ్ళీ పొడిగింపబడే షరతు కొన్ని ఒప్పందాలలో దాగి ఉంటుంది. లేఖ రెండు ప్రతులు తీసుకువెళ్ళి, ఒకటి ఇచ్చి, రెండవదాని మీద తేదీతో సహా కార్యదర్శి సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.